ఇల్లు దాటని బండి

కండక్టరమ్మ పొద్దున్నే టీ తాగి, జుట్టు ముడేసుకుని, బండెక్కేది. బండంటే మోటారు చక్రాల కుర్చీ. కుడిచేతి దగ్గర చిన్న పుల్ల ఉంటుంది. ముందుకు నెడితే ముందుకు పోతుంది, వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది. ఆరోగ్య పథకం కింద ప్రభుత్వం వాళ్ళిచ్చారు. ఇస్తూ ఇస్తూ వీపు వెనక ఒక పసుపుపచ్చ రేకు బిగించారు. దాని మీద "ఇంటి లోపల వాడుకకు మాత్రమే" అని రాసుంది.

"చార్జింగ్ వైరు తీశావా అక్కా?" అని అడిగింది చెల్లెలు, చెప్పులేసుకుంటూ. ఆవిడకి ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే చోట పని. అక్క దగ్గరే ఉంటుంది.

"తీశానే."

"గడప దగ్గరికి పోకు. ఎదురింటాయన కళ్ళు మంచివి కావు."

"ఆయన కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి. రోగం నా కాళ్ళకి."

బస్సులో నిలబడీ నిలబడీ అరిగిన కాళ్ళవి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నిలబడితే జీతం, ఉద్యోగం పోయాక నిలబడలేకపోతే దరఖాస్తు. అయితే ఆ ఇంటికి ఈ బండి ఒక మనిషి ఆలస్యంగా వచ్చింది. ఆ మనిషి కండక్టరమ్మ మొగుడు, డ్రైవరు.

ఇద్దరిదీ ఒకే బస్సు. ఆమె బెల్లు కొడితే తప్ప ఆయన బండి కదిలేది కాదు. ఇంట్లోనూ అంతే. పొద్దున్న లేవమంటే "బెల్లు కొట్టవే, లేస్తా" అనేవాడు. రిటైరైన కొన్నాళ్ళకి ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కుర్చీకి దరఖాస్తు పెట్టుకుంటే పథకం ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని టేపు సారు అంటారు. ఎప్పుడొచ్చినా జేబులోంచి టేపు తీసి తలుపులు కొలుస్తాడు, మంచం నుంచి బాత్రూమ్ దాకా కొలుస్తాడు. గొంతు మెత్తన, మాట మర్యాద. ఒక్కసారి కూడా ఎవరినీ కసురుకోలేదు. అందుకే ఆయన కాదన్న వాళ్ళకి తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరికేది కాదు.

"కుర్చీ దేనికి కావాలండీ మీకు?" అని అడిగాడు ఆ రోజు.

డ్రైవరు నవ్వాడు. "బండి దేనికండీ? రోడ్డెక్కడానికి. డిపో గేటు దాకా వెళ్ళి, బస్సులొచ్చే వేళకి కాసేపు కూర్చుని, మళ్ళీ ఇంటికొస్తా."

అదే ఆయన చేసిన తప్పు. వంటింట్లోంచి బాత్రూమ్‌లోకి పోవడానికి బండి కావాలని ఏ డ్రైవరు నోటా రాదు. ఆ మాటే రావాలి నోట. అది తెలిసిన వాళ్ళకి కుర్చీ వస్తుంది, తెలియని వాళ్ళకి రాదు.

టేపు సారు టేపు చుట్టేశాడు. "మీ ఇంట్లో గోడలు దగ్గరదగ్గరగా ఉన్నాయండి. పట్టుకుని నడవగలుగుతున్నారు. బయటి అవసరాలకి పథకం వర్తించదు. నియమం."

కాళ్ళు లేనివాడికి లోకమంటే మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య ఉన్న జాగా అని ఏదో చల్లటి గదిలో కొందరు తీర్మానించారు. తీర్మానించి, లిఫ్టులో దిగి, కారెక్కి, గాలి పీల్చుకోవడానికి పార్కుకి వెళ్ళారు. ప్రజల సొమ్ముకి కాపలా కాస్తున్నామన్నారు. ప్రజలు అప్పటికి కిటికీల దగ్గర కూర్చుని ఉన్నారు.

డ్రైవరూ కిటికీ దగ్గరే కూర్చున్నాడు. దూరంగా బస్సు హారన్ వినబడితే, ఏ బస్సో ఎవరు నడుపుతున్నారో చెప్పేవాడు. లేవాలంటే గోడ పట్టుకునేవాడు. పట్టుకునీ పట్టుకునీ లేతాకుపచ్చ గోడ మీద ఒకచోట అరచేయంత నల్లటి మరక పడింది. ఒక మధ్యాహ్నం ఆ మరక దగ్గరే జారి పడ్డాడు. మళ్ళీ లేవలేదు.

కండక్టరమ్మ ఏడవలేదు. అందరూ వెళ్ళిపోయాక చెల్లెలితో, "వాడు మళ్ళీ ఈ ఇంటికొస్తాడే" అంది.

"ఎవరు? బావా?" చెల్లెలు భయపడింది.

"బావ కాదు, టేపు."

"వాడెందుకొస్తాడే?"

"నా మోకాళ్ళు కూడా పోతున్నాయిగా."

ఆమె మోకాళ్ళు పోయాయి, టేపు సారు వచ్చాడు. ఈసారి సమాధానం సిద్ధంగా ఉంది. "వంటింటికీ బాత్రూమ్‌కీ సార్. బయట నాకేం పని?" అంది కండక్టరమ్మ, తల వంచుకుని. ఆయన ఎంత సంతోషించాడో! "మీలా అర్థం చేసుకునే వాళ్ళు తక్కువమ్మా" అన్నాడు. "గడప దాటినట్టు తెలిస్తే మాత్రం బండి వెనక్కి తీసుకోవాల్సొస్తుంది, మరి" అని రేకు బిగించి వెళ్ళాడు.

మర్నాడు చెల్లెలు పనికి పోగానే కండక్టరమ్మ గడప దగ్గరికి పోయి పుల్ల ముందుకు నెట్టింది. బండి కదిలింది. గడప కూడా కదిలింది. ఆమెకి జానెడు ముందుగా గడప, ఎడమపక్క లేతాకుపచ్చ గోడ, కుడిపక్క పొయ్యి గట్టు, వెనక మంచం, పైన ఫ్యాను, అన్నీ కలిసి మెట్టు దిగి వీధిలోకొచ్చాయి.

వీధి సర్దుకుంది. ఎదురొచ్చిన వాళ్ళు గడప దాటి లోపలికొచ్చి, కాళ్ళు తుడుచుకుని, రెండో వైపు నుంచి బయటికి పోయేవాళ్ళు. దాహమైన వాళ్ళు పోతూ పోతూ కుండలో నీళ్ళు తాగేవాళ్ళు. ఇల్లు లేని వేళ ఆ ఖాళీ జాగాలో పక్కింటావిడ బట్టలారేసుకుని, సాయంత్రం ఇల్లొచ్చే వేళకి తీసేసేది. ఒక్క ఆటో అతనే విసుక్కునేవాడు.

"అమ్మా, మీ వంటిల్లు కాస్త పక్కకి తియ్యండి. కిరాయి పోతోంది."

"హారన్ కొట్టి రావయ్యా. అవతల పొయ్యి మీద పాలున్నాయి."

కూడలిలో ట్రాఫిక్ పోలీసు చెయ్యి ఊపాడు. "మలుపు దగ్గర నెమ్మదిగా తిప్పండమ్మా. మొన్న మీ చూరు తగిలి సిగ్నల్ లైటు వంగింది."

అలా రోజూ ఆమె డిపో గేటు దాకా పోయేది. డ్యూటీ దిగిన కండక్టర్లు లోపలికొచ్చి మంచం మీద నడుం వాల్చేవాళ్ళు. ఆమె కిటికీ పక్కన కూర్చుని బస్సులు చూసేది. మొగుడు కూర్చున్న చోట కూర్చుని, ఆయన చూడలేనివి చూసేది. చూసిన కొద్దీ కోపం చల్లారుతుందనుకుంది చెల్లెలు. చల్లారలేదు. కోపానికి మేత దొరికింది.

ఎదురింటాయన ఊరుకోలేదు. ఫిర్యాదు వెళ్ళింది. ఒక సాయంత్రం టేపు సారు ఫోను పట్టుకుని డిపో గేటు దగ్గరికొచ్చాడు. చకచకా ఫొటోలు తీశాడు. తీసినవన్నీ చూసుకున్నాడు. ఏ ఫొటోలో చూసినా వెనక గోడ, గిన్నెల అలమర, ఆరేసిన తువ్వాలు.

"అమ్మా, మీరు డిపో దగ్గరున్నారు."

"నేను ఇంట్లో ఉన్నా సార్. డిపోనే మా ఇంటి ముందుంది."

ఆయన టేపు తీసి బండి నుంచి గడప దాకా కొలిచాడు. లోపలే. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ లోపలే.

"ఇది నియమం స్ఫూర్తికి విరుద్ధమండి."

"స్ఫూర్తా?" కండక్టరమ్మ బండి ఆయన వైపు తిప్పింది. "మా ఆయన అడిగినప్పుడు మీ నియమానికి స్ఫూర్తి లేదే! అక్షరమే ఉందిగా అప్పుడు! ఇప్పుడు ఎక్కణ్ణుంచి మొలిచింది?"

మంచం మీదున్న కండక్టర్లు నవ్వారు. టేపు సారుకి కోపం రాలేదు. మర్యాదగా ఒక తాఖీదు ఇచ్చాడు. సోమవారం ఆఫీసులో విచారణ. మనిషి రావాలి. రాకపోతే బండి పోతుంది.

"బండి మీద వస్తే?"

"బయట వాడినట్టే కదమ్మా. అప్పుడూ పోతుంది. మీరే ఏదో ఒకటి ఆలోచించుకోండి" అన్నాడు.

ఆ రాత్రి చెల్లెలికి అన్నం సయించలేదు. "ఈ బండి కూడా పోతే నువ్వూ బావలాగే కిటికీ పట్టుకుని పోతావే. వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుందాం."

"ఆయన కాళ్ళు నాకూ కావాలే. పట్టుకోవడానికి కాదు."

సోమవారం అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంట్లోనే కూర్చుని ఆఫీసుకి వెళ్ళారు. కాళ్ళు లేని వాళ్ళ కోసం పెట్టిన ఆ ఆఫీసుకి ముందు అన్నీ మెట్లే. మెట్ల పైన గోడ మీద "అందరికీ అందుబాటులో ఆరోగ్యం" అని పెద్దక్షరాల్లో రాసుంది. ఎక్కగలిగిన వాళ్ళు చదువుకోవచ్చు. మెట్ల కింద కర్రల వాళ్ళూ, ఒకరి భుజం మీద ఒకరు వాలిన వాళ్ళూ, మనవడి వీపు మీదున్న ఒక ముసలాయనా ఎండలో నిలబడి ఉన్నారు. కండక్టరమ్మకి రక్తం ఉడికింది. పుల్ల ముందుకు నెట్టింది.

ఇంటి నేల చదునుగా ఉంటుంది. దానికి మెట్లు తెలియవు. మెట్ల మీద నేల పరుచుకుంది. కింద నిలబడ్డ వాళ్ళంతా మొదట ఆ ఇంట్లోకి, ఆ ఇంట్లోంచి ఆఫీసు హాల్లోకి వచ్చేశారు. హాలు కూడా ఇంట్లోకే వచ్చింది. దరఖాస్తుల కౌంటరు పొయ్యి గట్టు పక్కన సర్దుకుంది. ఫైళ్ళ బీరువా మంచానికి ఆనుకుంది.

"పొయ్యి కట్టేశారా అమ్మా? కాగితాలున్నాయి" అంది కౌంటరు దగ్గర గుమాస్తా.

"కట్టేశానమ్మా. నువ్వు పని చూసుకో."

విచారణ చేసే పెద్ద మేడమ్ కళ్ళజోడు సర్దుకుని ఫ్యాను వైపు చూసింది, అలమర వైపు చూసింది. "ఈవిడ ఇంట్లోనే ఉన్నారు కదయ్యా. అభ్యంతరం ఏమిటి?" అంది టేపు సారుతో.

"మేడమ్, ఇది మన ఆఫీసు..."

"ఆఫీసు ఆఫీసే. ఈవిడ మాత్రం ఇంట్లో ఉన్నారు. బండి ఆవిడ దగ్గరే ఉంటుంది. నెక్స్ట్."

చెల్లెలు "హమ్మయ్య" అని గోడకి చేరగిలబడింది. కథ అక్కడితో అయిపోవచ్చు. బండి దక్కింది, అన్యాయం ఓడింది, అందరూ చప్పట్లు కొట్టి ఇళ్ళకి పోవచ్చు. కానీ బండి కోసం చేసింది బండితో తీరింది. మొగుడి లెక్క అలాగే ఉంది.

టేపు సారు సంచీ తీసుకున్నాడు. ఓడిపోయినా మర్యాద తప్పలేదు. "వెళ్ళొస్తానమ్మా" అని గడప వైపు నడిచాడు.

కండక్టరమ్మ పుల్ల మీద చెయ్యేసింది.

ఆయన అడుగేశాడు, గడప అడుగు ముందుకెళ్ళింది. ఇంకో అడుగేశాడు. గడప ఇంకో అడుగు జరిగింది. ఆఫీసు, మేడమ్, బీరువా అన్నీ వెనక పడిపోయి మామూలుగా పని చేసుకుంటున్నాయి. టేపు సారు మాత్రం ఇంట్లో ఉన్నాడు. మెట్లు దిగినా ఇంట్లోనే. కూడలి దాటినా ఇంట్లోనే. ఆయన పరిగెత్తితే బండీ పరిగెత్తింది. ఆయన ఆగితే ఆగింది. బజారులో జనం తోవ ఇచ్చారు. ఎవరో ఆయనకి నమస్కారం కూడా పెట్టారు.

"ఆపండమ్మా! నేను దిగాలి."

"స్టాపు రానివ్వండి సార్."

ఎండ వాలే వేళకి ఆయన ఇక పరిగెత్తలేక ఆగిపోయాడు. చెయ్యి చాపి గోడ పట్టుకున్నాడు. పట్టుకున్న చోట నల్లటి మరక ఉంది. ఆయన అరచెయ్యి దాని మీద సరిగ్గా అమిరింది.

కండక్టరమ్మ ఆ చేతి వైపు చూసింది. "మా ఇంట్లో గోడలు దగ్గరదగ్గరగా ఉన్నాయి సార్" అంది. "పట్టుకుని నడవగలుగుతున్నారు."

"చాలే అక్కా, వదిలెయ్" అంది చెల్లెలు.

"నేను పట్టుకున్నానా? తలుపు తీసే ఉందిగా. పొమ్మను."

క్షమించడం గొప్ప గుణమంటారు. ఆ మాట ఎవరంటారో గమనించండి. చెయ్యాల్సిందంతా చేసేసి, ఇక పడుకోబోయే వాళ్ళంటారు.

మర్నాడు కండక్టరమ్మ బండెక్కకముందే టేపు సారు లేచి నడిచాడు. గడప తనంతట తనే జానెడు జరిగింది. ఇల్లు అప్పటికే నేర్చుకుంది.

కొన్నాళ్ళకి ఆఫీసు వాళ్ళు ఆయన స్థానంలో ఒక కొత్తమ్మాయిని వేశారు. ఆ అమ్మాయి వీధిలోకొచ్చి, లేతాకుపచ్చ ఇంటి కిటికీలో తన పాత సారుని చూసి, తల వంచి పలకరించింది. ఆ తర్వాత ఏ ఇంటికెళ్ళినా గడప తొక్కలేదు. టేపు బయటికి తియ్యలేదు. వీధిలోనే నిలబడి, "కుర్చీ దేనికండీ?" అని అడిగేది. "ఊరికే తిరగడానికమ్మా" అన్నాడు మనవడి వీపు మీదున్న ముసలాయన. "సరేనండీ" అని నిలబడ్డ చోటే సంతకం పెట్టింది.

టేపు సారు భార్య రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వచ్చేది. ఇల్లు డిపో దగ్గరుంటే డిపోకి, మార్కెట్లో ఉంటే మార్కెట్‌కి. కిటికీలోంచి అందించి, ఆయన తిన్నాక గిన్నెలు తీసుకుపోయేది. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఎండకి కొంగు కప్పుకుని నిలబడటం అలవాటైంది. ఒక రోజు ధైర్యం చేసి కండక్టరమ్మని అడిగింది.

"వదినా, ఆయన్ని ఎప్పుడు పంపిస్తారు?"

కండక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది. చెమట పట్టి ఉంది, చెప్పు తెగి ఉంది. జాలేసింది. చెల్లెల్ని పిలిచి మంచినీళ్ళు ఇప్పించింది. ఆమె తాగేదాకా ఆగి, ఖాళీ గ్లాసు అందుకుంది.

"పాపం, ఈ ఎండలో నువ్వెందుకు తిరగడం?" అంది. "రేపట్నుంచి క్యారేజీ తేకమ్మా. ఆయనకి కూడా ఇక్కడే వండుతాం."