పల్చని నూనె

లారీలు బాగుచేసే షెడ్డులో అందరూ ఆయన్ని వేళ్ళ డాక్టరు అనేవారు. ఇంజన్ నూనె చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, కళ్ళు మూసుకుని, పనికొస్తుందో పనికిరాదో తేల్చేసేవాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ వేళ్ళు చెప్పిందే వేదం. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవడం ఆయనకి నామోషీ. ఇలాంటివాళ్ళకి ఎదురు చెప్పే మనిషి లేకపోవడమే అసలు రోగం.

ఆయన అల్లుడు లారీ నడిపేవాడు. రేవులో సరుకెత్తుకుని, ఎండకి తారు కరిగే మైదానాలు దాటి, కొండ కనుమ మీదుగా అవతలి ఊళ్ళకి చేర్చేవాడు. ఎప్పుడూ వేసవిలోనే ఆ దారి పట్టేవాడు. మొన్న మొదటిసారి నడి చలికాలంలో కిరాయి వచ్చింది. బయల్దేరే ముందు అల్లుడు ఓ కొత్త డబ్బా తెచ్చి మామ ముందు పెట్టాడు.

"మామయ్యా, ఈసారి ఇది పోద్దాం. డబ్బా మీద మొదటి అంకె చలికట. అది ఎంత చిన్నదైతే చలిలో నూనె అంత తేలిగ్గా పారుతుందట. రెండోది వేడికి. మనం పోసేది ఇరవై, యాభై. ఇది ఐదు, నలభై."

"అంకెలు చూసి పోయడానికి ఇదేమన్నా లెక్కల పరీక్షా?"

డాక్టరు మూత తీసి ఓ చుక్క వేళ్ళ మధ్య రాశాడు. చలికాలమైనా రేవు ఊళ్ళో మిట్టమధ్యాహ్నం, పైన కాలిపోతున్న రేకులు. ఆ వేడికి నూనె జర్రున జారింది.

"ఇది నూనె కాదు అల్లుడూ, నీళ్ళు. ఇది పోస్తే సగం దారిలోనే ఇంజన్ పట్టేస్తుంది. చిక్కగా ఉంటేనే ఇనుముకి ప్రాణం."

షెడ్డులో వాళ్ళంతా నవ్వారు. అల్లుడూ నవ్వాడు. ఇంకో మాట అనకుండా డబ్బా మూత బిగించి పక్కన పెట్టేశాడు. మామ తన చేత్తోనే చిక్కటి నూనె పోశాడు.

కనుమ మీద రెండోరోజు తెల్లారి లారీ స్టార్ట్ కాలేదు. తాళం తిప్పీ తిప్పీ బ్యాటరీ కాస్తా దిగిపోయింది. ఫోన్ పలకలేదు. అల్లుడు సాయం కోసం చెక్‌పోస్టు వైపు నడుచుకుంటూ బయల్దేరాడు. దారిలో మంచు తుఫాను కమ్ముకుంది. మర్నాడు రోడ్డు మీద మంచు తోసేవాళ్ళకి ఓ మలుపు దగ్గర కనిపించాడు. అప్పటికే అంతా అయిపోయింది.

లారీని లాక్కొచ్చినవాళ్ళు బ్యాటరీ చచ్చిందన్నారు. అందరి నోటా అదే మాట. అందరికంటే గట్టిగా ఆ మాట పట్టుకున్నది కూతురు.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను నాన్నా, బ్యాటరీ మార్చమని. చెవిన పెట్టలేదు. తన సొమ్మేం పోయింది, నన్నిలా చేసి పోయాడు," అని ఏడ్చేది. ఏడుపు ఆగితే కోపం. మొగుడి పేరెత్తితే పళ్ళు కొరికేది.

డాక్టరుకి ముద్ద దిగడం మానేసింది. ఓరోజు ఆ బ్యాటరీ విప్పి ఛార్జింగ్ పెట్టి చూశాడు. నిక్షేపంలా ఉంది. మూడు రోజులైనా దిగలేదు. అప్పుడాయనకి అల్లుడు తెచ్చిన డబ్బా గుర్తొచ్చింది. రెండు నూనెల్నీ రెండు సీసాల్లో పోసి, పక్కనున్న కూల్‌డ్రింకుల కొట్టు ఫ్రీజర్లో పెట్టించాడు. మర్నాడు మధ్యాహ్నం తీసి వంచాడు. అల్లుడు తెచ్చిన నూనె జారుకుంటూ వచ్చేసింది. తన నూనె గడ్డకట్టిన తేనెలా సీసా అడుగునే అంటుకుపోయింది. ఇంత చిక్కటి దాన్ని తిప్పలేకే మంచి బ్యాటరీ ప్రాణం విడిచింది. ఇదే పరీక్ష ముందు చేసుంటే ఒక్క రోజు పని. ఆయన ఆ కొట్టు ముందే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నోరు మూసుకుంటే సరిపోయేది. అడిగేవాడు లేడు. చెబితే మాత్రం ఉన్న ఒక్క కూతురూ జన్మలో మొహం చూడదు. ఆ భయంతో రెండు రోజులు నోరు కుట్టేసుకున్నాడు. కానీ ఏ పాపం ఎరగని వాడు, కట్టుకున్న పెళ్ళాం నోటే తిట్లు తింటున్నాడు. అది ఆయన వల్ల కాలేదు. మూడోరోజు సాయంత్రం కూతురింటికి వెళ్ళాడు. ఆమె మొగుడి చొక్కాలు మడత పెడుతోంది.

"అమ్మా, బ్యాటరీ బాగానే ఉంది. తప్పు నాది," అని మొదలుపెట్టి డబ్బా సంగతీ, సీసాల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు. "నన్ను తిట్టు, నా గడప తొక్కకు. అతన్ని మాత్రం ఏమీ అనకు తల్లీ."

ఆమె తిట్టలేదు. చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"ఆయన గట్టిగా అడగలేదా నాన్నా?"

"లేదమ్మా. నవ్వి ఊరుకున్నాడు."



"నేనే వద్దన్నాను. మా నాన్నకి పదిమందిలో ఎదురు చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడని పెళ్ళైన కొత్తలోనే ఒట్టు వేయించుకున్నాను. ఆ రోజు ఆ డబ్బా చూసి, గొడవ పెట్టుకోకు అని మళ్ళీ చెప్పి పంపాను."

"అది కాదమ్మా. నాది, నా ఒక్కడిదే తప్పు," అంటూ ఆయన కంగారుగా దగ్గరికి వెళ్ళాడు. నిందంతా తన మీద వేసుకుందామని వచ్చినవాడు, దాన్ని తెచ్చి కూతురి నెత్తిన పెట్టాడు. ఇక ఆయన ఎంత మొత్తుకున్నా ఆమెకి వినపడలేదు. చొక్కాని ఒళ్ళో పెట్టుకుని, "నేనే అన్నాను, నేనే అన్నాను," అంటూ కూర్చుంది.