పెంటయ్య పూసిన ఎండ

సూర్యాపేట పేరులోనే సూర్యుడున్నా, బస్టాండు ఎదుటి గోడ మీదికి ఆయన్ను రామనర్సయ్యే ఎక్కించాలి. కోదాడలో ఇరవై ఏళ్లు షాపుల బోర్డులు రాసిన చేయి అది. ఫ్లెక్సీలొచ్చాక ఆ చేతికి చేతినిండా ఖాళీ. ఈ గోడ మీద వేస్తున్న బజారు బొమ్మ నచ్చితే మిర్యాలగూడ గోడలకూ అతని పేరు చెప్తానంది మున్సిపాలిటీ మేడమ్ విజయలక్ష్మి. నచ్చకపోతే దీని మీద ఫ్లెక్సీయే. ఇవాళ పది గంటలకు చూడ్డానికి వస్తుంది.

బొమ్మ నిన్ననే అయిపోయింది. మజ్జిగ అమ్మే రాజమ్మ, ఆమె గొడుగు, దాని కింద ఊదారంగు నీడ. బొమ్మలోని రోడ్డుకు మాత్రం రంగే వెయ్యలేదు. సున్నం గోడను తెల్లగా వదిలేశాడు. చూస్తే కళ్లు చికిలించాల్సినంత ఎండ.

పొద్దున చాయ్ తాగి వచ్చేసరికి ఆ రోడ్డంతా పసుపు. గోడకు సున్నం వేసిన పెంటయ్య బ్రష్ కడుగుతున్నాడు.

"మర్సిపోయినవ్ తమ్మీ, నేనే నింపిన. నా సున్నం కనబడితే పని ఎగ్గొట్టినవంటది మేడమ్."

"అది ఖాళీ గాదే పెంటన్నా. ఎండ."

"ఎండ తెల్లగుంటదా? ఎవడు సెప్పిండు నీకు?"

రాజమ్మ బండి ఆపింది. "నన్ను పసుపునీళ్లల్ల నిలబెట్టినవేంది పెంటయ్యా, పెండ్లిపిల్లననుకున్నవా?"

మళ్లీ సున్నం వేస్తే ఆరడానికి పూట పడుతుంది. ఉన్నది గంట. రామనర్సయ్య తిట్టడానికి నోరు తెరిచాడు గానీ, ఈలోపే కన్ను పని మొదలుపెట్టింది. అప్పటికే ఎండకు ఆరిన పసుపు మీద సన్న కుంచెతో పొడుగ్గా గీతలు లాగాడు, రోడ్డు మీద ఆరబోసి కాళ్లతో తిరగేసిన వడ్లలాగా. అంచుల వెంట రాళ్లు పెట్టాడు. గీతకూ, రాయికీ, రాజమ్మకూ ఒకే పక్కన ఊదా నీడ వేశాడు. నీడ పడేకొద్దీ పసుపు మెరిసింది. వడ్లు ఎండకు ఎండాలి, ఇక్కడ వడ్లే ఎండయ్యాయి.

మేడమ్ వచ్చింది. "బస్టాండ్ ముందర వడ్లెవరు పోశారు?"

"వడ్లు గాదు మేడమ్, ఎండే. నేనే పూసిన," అన్నాడు పెంటయ్య.

బస్సుకోసం నిలబడ్డవాళ్లంతా మూగారు. రామనర్సయ్యకు చెప్పక తప్పలేదు.

"ఎండకు రంగెయ్యొద్దు మేడమ్. నీడకేస్తే ఎండ తనే వస్తది. అందుకే నేను తెల్లగ ఇడ్సిన. పెంటన్న పని మిగిలిందనుకుండు, నాకు మాట రావద్దని పూసిండు. పూసినంక నేను వడ్లు జేసిన."

మేడమ్ గోడ ముందు అటూ ఇటూ నడిచింది. "నీడ చూస్తే పొద్దున తొమ్మిదయినట్టుంది. ఫ్లెక్సీ వద్దు. మిర్యాలగూడకు ఫోన్ చేస్తాను."

"మరి పెంటయ్యను తోల్కపోతవా?" అంది రాజమ్మ.

"తోల్కపోత," అన్నాడు రామనర్సయ్య. "పసుపు డబ్బా ఈడనే ఉంటది."