రెండో చెంచా పంచదార

నేను ఒక గోధుమరంగు బీరు సీసాను. పగిలిన గాజుపెంకుల్ని కొలిమిలో కరిగించి నన్ను పోశారు. నాలో ఎన్ని సీసాల చావులున్నాయో నాకే తెలియదు. బారులో ఒకసారి ఖాళీ అయి, పాత సీసాల బండెక్కి, చివరికి విశాఖపట్నంలో పైడిరాజు ఇంటికి చేరాను. ఓడల మరమ్మతు పనినుంచి రిటైరయ్యాక ఆయనకు ఇంట్లోనే బీరు కాయాలన్న పిచ్చి పట్టింది. మనుషులకు తీరిక దొరికితే ఇంతే!

మొదటిసారి కాచింది పొంగలేదు. "బార్లీ గంజిరా బాబూ, జొరమొచ్చినోడికి పొయ్యి" అని స్నేహితులు పడీపడీ నవ్వారు. పాపం, పైడిరాజు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

రెండోసారి మా ఎనిమిది మందిని కడిగి, బీరు నింపి, ఒక్కో చెంచా పంచదార వేశాడు. బీరులోని ఈస్టు ఆ తీపి తిని గాలి వదిలితేనే పొంగు వస్తుందట. మూతలు నొక్కే మిషను కోసం ఆయన పక్కింటికి వెళ్లగానే, భార్య నూకరత్నం వంటింట్లోంచి వచ్చింది. "ఈపాలైనా నవ్వులపాలు అవకూడదు తల్లీ" అని గొణుక్కుంటూ అందరిలోనూ ఇంకో చెంచా వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది. పెనిమిటి మీద జాలి మరి!

మూతలు బిగించి మమ్మల్ని చీకటి గదిలో అలమరలో పెట్టారు. మూడో రోజు నాలో ఏదో మేలుకుంది. దానికి కళ్లూ కాళ్లూ లేవు, ఆకలి మాత్రం ఉంది. తింటోంది, ఉబ్బుతోంది, లోపలినుంచి నా ఒళ్లంతా తడుముతూ సందు వెతుకుతోంది. అరుద్దామంటే నా నోరు మూసేశారాయె. పైడిరాజు రోజూ వచ్చి కిటికీ తెరిచి, నన్ను వెలుగుకెత్తి, కంటికి ఆనించి చూసేవాడు. ఆయన కన్ను ఎటుంటే అది అటే నొక్కేది.

ఆరో రోజు మధ్యాహ్నం నా పక్కవాడు పేలిపోయాడు. పిల్లి గిన్నె తోసిందనుకుంది నూకరత్నం. కాసేపటికి మరొకడు. ఈసారి గాజుముక్క అలమర తలుపులో దిగబడింది. పైడిరాజు పరుగున వచ్చి, తలుపు తీసి, నన్ను అందుకుని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. వద్దయ్యా మహానుభావా, నా వల్ల కాదు!

గుమ్మంలోంచి నూకరత్నం కేక వేసింది. "ముట్టుకోకండి! నానూ ఒకో చెంచా ఏసీసినానండి!"

"ఓలమ్మా! ఎందుకేసినావే?"

"మళ్లీ నవ్వుతారనండి..."

ఆయన నన్ను మెల్లగా నేలమీద పెట్టి, ఆమెను బయటికి లాగి తలుపేశాడు. సాయంత్రందాకా అలమరలో ఒక్కొక్కడే పేలుతుంటే ఇద్దరూ గోడవతల వింటూ కూర్చున్నారు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నాలోని అది మాత్రం కదులుతూనే ఉంది.

మర్నాడు పైడిరాజు స్కూటరు హెల్మెట్టు పెట్టుకుని, గోనెసంచితో వచ్చాడు. వెళ్లమంటే నూకరత్నం వెళ్లలేదు, ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకుని నిలబడింది. నేను పంటిబిగువున ఓర్చుకున్నాను. ఆయన నామీద గోనె కప్పి, దాని కిందనుంచి మూత లేపాడు. బుస్సుమని ఒక పొడుగాటి ఊపిరి నన్ను విడిచి గదిలోకి వెళ్లింది. నూకరత్నం ఏడ్చేసింది.

ఇప్పుడు ఖాళీగా కిటికీలో ఉన్నాను. నాలోంచి పోయింది ఎటు పోయిందో తెలియదు. ఇంట్లో ఎక్కడ టప్పుమన్నా ఆ ఇద్దరూ ఉలిక్కిపడి, ఒకరి కళ్లకు ఒకరు చెయ్యి అడ్డం పెడతారు.