అత్తగారి పొయ్యి, అల్లుడి మెడ

ఆదివారం మధ్యాహ్నానికి జెల్మిరా గారి పొయ్యి పోయింది. పూర్తిగా పోలేదు లెండి. ఊపిరుంది, ఊపు లేదు. వారమంతా దగ్గుతూ మూలుగుతూ నెట్టుకొచ్చి, ఆ పొద్దున మొండికేసింది. రంపపు పొట్టు గుళికలు గలగలమంటూ లోపలి గిన్నెలో పడుతున్నాయి, నిప్పు పుట్టించే కడ్డీ ఎర్రబడుతోంది, బోలెడంత పొగ లేస్తోంది. మంట మాత్రం లేదు. కాసేపటికి పొయ్యి కీచుమని కూసి, నుదుటి మీది చిన్న తెర మీద "నిప్పు అంటుకోలేదు" అని రాసి చేతులు దులుపుకుంటోంది.

"అంటుకోలేదని నాకూ కనబడుతోంది, దీని బోడి చదువూ ఇదీనూ!" అంది జెల్మిరా, శాలువా మీద శాలువా కప్పుకుని. "ఇదంతా ఆ తార్చీజియో చేతి చలవ. చలి మొదలవకముందే వచ్చి శుభ్రం చేశాడు. చేశాడో, చేసినట్టు నటించి నా గ్రాప్పా సారా తాగి పోయాడో! మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. బేకరీ ఆవిడకి చెప్పాను. చర్చి మెట్ల మీద దొరికినవాళ్ళందరికీ చెప్పాను."

"అందరికీనా అత్తయ్యా?" అన్నాడు ఎవారిస్తో. ఆదివారం భోజనానికి వచ్చిన ఆవిడ ఏకైక అల్లుడతను.

"ఫాదర్ గారికి తప్ప. ఆయనకి చెవుడు."

ఆ కొండలోయలో పొయ్యిలు బాగుచేసేవాడికి పేరే ఆస్తి. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఇంటి మసీ తన ముఖాన పూసుకున్నాడు గానీ, పేరుకు మసి అంటనివ్వలేదు తార్చీజియో. ఈ ఒక్క ఉదయంలో జెల్మిరా అంటించేసింది.

జెల్మిరా కబురు పెడితే తార్చీజియో మంచులో కుంటుకుంటూ వచ్చాడు. వీధి తలుపు బార్లా తెరిచి, బూట్లు దులుపుకుని, బూడిద పీల్చే యంత్రాన్ని లోపలికి ఈడుస్తూ పొయ్యి మీట నొక్కాడు. చిత్రం, పొయ్యి భగ్గుమంది!

"నన్ను చూస్తే పొగ, నిన్ను చూస్తే మంటా? దీనికీ సిగ్గు లేదు" అంది జెల్మిరా. "తలుపెయ్యండర్రా, మెడ పట్టేస్తుంది!"

ఎవారిస్తోయే వెళ్ళి తలుపు మూశాడు. మంట తల వాల్చింది, పసుపుపచ్చ నాలుక ఒకసారి బయటపెట్టింది, పొగై పోయింది.

అప్పుడు అర్థమైంది ఎవారిస్తోకి.

తలుపు తీస్తే వెలిగింది, మూస్తే ఆరింది. అంటే గాలి. కిందటేడు అత్తగారు కొత్త కిటికీలు పెట్టించారు. లోపల తుమ్మితే బయట చీమకు కూడా వినబడనంత బిగువు. ఇంటికి మిగిలిన ఒకే ఒక్క ముక్కుపుటం గోడకున్న గాలి కన్నం. అది సరిగ్గా అల్లుడి కుర్చీ వెనకాల ఉంది. పోయిన ఆదివారం దాన్లోంచి సన్నటి గాలి వచ్చి మెడ మీద కూర్చుంది. ఆ ఊళ్ళో తోడేలు వచ్చిందంటే చూద్దాంలే అంటారు గానీ, మెడకు గాలి తగిలిందంటే ఇల్లంతా లేస్తుంది. అత్తగారు మొక్కజొన్న పొలెంటా కలుపుతుండగా అతను జున్ను కోసే కత్తి మొనతో జల్లెడమూత మరలు విప్పి, జేబులో ఉన్న ఉన్ని సాక్సు కన్నంలో కుక్కి, మూత బిగించేశాడు.

ఆ సాక్సు క్రిస్మస్‌కి అత్తగారు స్వయంగా అల్లిచ్చింది. గొర్రె ఇంకా లోపలే ఉన్నట్టు గీరుకుంటుంది. "ఒంటి మీంచి తియ్యబుద్ధి కావడం లేదత్తయ్యా" అని వారం వారం చెబుతూ, వాకిట్లో తొడుక్కుని, వాకిట్లోనే విప్పేవాడు. ఆ రోజు ఆలస్యమై జేబులోనే ఉండిపోయింది.

తార్చీజియో గిన్నె దులిపాడు. దాని చిల్లులన్నీ తీగతో పొడిచాడు. కడ్డీ బాగుంది. పొయ్యి తలుపు అంచున కాగితం పెట్టి లాగాడు, బిగువుగానే ఉంది. పొగగొట్టం శుభ్రం.

"మరి గాలి కన్నం?" అంటూ వంగబోయాడు.

"మీరు వంగకండి బాబాయ్, మోకాలు నొప్పి. నేను చూస్తాగా" అని ఎవారిస్తో కుర్చీ వెనక దూరాడు. జల్లెడమూత సందుల్లోంచి బూడిదరంగు ఉన్ని అతన్నే చూస్తోంది. "శుభ్రంగా ఉంది" అన్నాడు.

"విన్నావా?" అంది జెల్మిరా. "కన్నంలో లేదు, కడ్డీలో లేదు, గొట్టంలో లేదు. లోపం నీ చేతిలోనే ఉంది తార్చీజియో."

తార్చీజియో పోట్లాడతాడనుకున్నాడు ఎవారిస్తో. పోట్లాడితే బాగుండేది. ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "అయ్యుండొచ్చు జెల్మిరా. ఈమధ్య వణుకుతున్నాయి. ఎక్కడో ఏదో మరిచిపోయుంటాను. ఈ చలికాలంతో మానేస్తే మంచిదేమో."

నిప్పు రాజుకోని ఆ ఇంట్లో తప్పు రాజుకుంది. మెడ కోసం చేసిన పని మెడకే చుట్టుకుంది. సాయంత్రం గుట్టుగా సాక్సు లాగేస్తే పొయ్యి వెలుగుతుంది, నిజమే. కానీ ఈ ముసలాయన చేతుల మీద నమ్మకం పోగొట్టుకుని ఇంటికి వెళ్ళిపోతాడు.

ఎవారిస్తో జున్ను కత్తి తీసుకుని మళ్ళీ కుర్చీ వెనక కూలబడ్డాడు. మరలు ఊడాయి. మూత ఊడింది. మంచుగాలితో పాటు సాక్సూ బయటికొచ్చింది గానీ, సాకు ఒక్కటీ రాలేదు.

తార్చీజియో మీట నొక్కాడు. మంట లేచి నిలబడింది.

జెల్మిరా సాక్సు అందుకుని, మడమ దగ్గర వేలితో నొక్కింది. "కొత్తగానే ఉందే! ఒంటి మీంచి తియ్యడం లేదన్నావు?"

"అబద్ధం చెప్పానత్తయ్యా."

"దీని జోడేదీ?"

"కోటు జేబులో."

తార్చీజియో నవ్వలేదు. తీగ చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుంటూ అన్నాడు: "కన్నం శుభ్రంగా ఉందన్నావు కదయ్యా. నేను నమ్మాను."

"తప్పయిపోయింది బాబాయ్."

జెల్మిరా గ్రాప్పా పోసి ఇచ్చింది. ఆయన పుచ్చుకోలేదు. "పొయ్యి వెలిగింది కదా, చాలు" అని వెళ్ళిపోయాడు. గ్లాసు బల్ల మీదే ఉండిపోయింది.

తర్వాత జెల్మిరా ఫోన్ తెచ్చి అల్లుడి ఒళ్ళో పెట్టింది. "మా చెల్లెలితో మొదలుపెట్టు. తర్వాత బేకరీ ఆవిడ. వచ్చే ఆదివారం చర్చి మెట్ల మీద నువ్వే చెబుతావు, గట్టిగా. నేనూ పక్కన నిలబడతాను. సాక్సు నీదే గానీ, నోరు నాది కదా" అంది.

ఎవారిస్తో నంబరు కలిపాడు. అవతల గంట మోగుతోంది. కన్నంలోంచి చలిగాలి వచ్చి మెడ మీద కూర్చుంది. అతను కాలర్ ఎత్తుకోలేదు. కిటికీలోంచి చూస్తే, తార్చీజియో ఇంకా తన బండి పక్కనే ఉన్నాడు. చేతితొడుగు తీసి, మంచులో చెయ్యి ముందుకు చాచి, అది వణుకుతోందా లేదా అని చూసుకుంటున్నాడు.