హాలు గడప

"గడప దాటకు. దాటావో, వికెట్ పడ్డట్టే."

మా ఆయన టీ కప్పులు గుమ్మంలోనే అందుకుని నన్ను వెనక్కి పంపేశారు. పెళ్ళయిన కొత్తలో నేను టీ పట్టుకుని హాల్లోకి వెళ్ళగానే బాగా ఆడుతున్నవాడెవడో అవుటయ్యాడు. ఆ పాపం ఇప్పటికీ నా నెత్తినే ఉంది. మ్యాచ్ ఉన్నరోజు నాకు వంటిల్లే గతి. అరుపులు విని ఫోరో సిక్సో ఊహించుకోవాలి. కాలేజీ జట్టులో వికెట్ల వెనక నిలబడి ఆడినదాన్ని నేను. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

నిజం చెప్పొద్దూ, ఆట ఉన్నరోజు ఈ ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది. వాటాల దగ్గర తగువుపడి, పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే మా ఆయనా, బావగారూ ఒకే సోఫాలో భుజాల మీద చేతులేసుకుని కూర్చుంటారు. పై ఇంటి ముసలాయన కూడా దిగొస్తాడు. అందరూ ఒక్కటే, నేను తప్ప.

ఫైనల్ రోజు గిన్నెలు తోముతుంటే పొత్తికడుపులో మెలిపెట్టింది. నాకప్పుడు మూడో నెల. కాళ్ళ వెంట తడి చూసుకుని, సింకు పట్టుకుని కేకేశాను.

"ఏవండీ, రక్తం పోతోంది. ఆసుపత్రికి వెళ్దాం."

"రెండే ఓవర్లు. అక్కడే ఉండు, కదలకు!"

వెనకే అత్తగారి గొంతు. "కాస్త ఓర్చుకో అమ్మాయ్. అన్నదమ్ములిలా కలిసి కూర్చుని ఎన్నాళ్ళయిందో."

గడప దాకా నడిచాను. అక్కడ ఆగిపోయాను. నా అడుగుతో వికెట్ పడుతుందేమోనని నిజంగానే భయం వేసింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. వెనక తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళి టాక్సీ ఎక్కాను.

సగం దారిలో ఊరంతా ఒక్కసారిగా రోడ్డు మీద పడింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కావలించుకుంటున్నారు. ఒకమ్మాయి కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ "గెలిచాం అక్కా!" అంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎవరూ దారివ్వలేదు.

బిడ్డ నిలవలేదు. ముందే వచ్చినా నిలిచేది కాదేమో అంది డాక్టరు. ఆ మాట మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఊపిరి పీల్చుకుంటారు.

చెంపల మీది రంగు కూడా కడుక్కోకుండా వచ్చి మంచం పక్కన కూర్చున్నారాయన. చాలాసేపు ఏడ్చారు. తర్వాత నా చెయ్యి నిమురుతూ, ఓదార్పుగానే అన్నారు.

"అంత నొప్పిలోనూ గడప దాటలేదు నువ్వు. అందుకే గెలిచాం."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇకమీదటా దాటనులెండి. హాలు గడపే కాదు, మీ ఇంటి గడప కూడా తొక్కను."