తీసేసిన వాక్యం

నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదురుగా వనజ నడిపే ఎస్టీడీ బూత్‌కు జనం రావడం దాదాపు మానేశారు. కూరగాయలమ్మేవాళ్ళ చేతుల్లోకి కూడా సెల్‌ఫోన్లు వచ్చేశాయి. ఒకప్పుడు వలసపోయినవాళ్ళ భార్యలు ఆదివారం పొద్దున్నే వచ్చి బెంచీ మీద వరసగా కూర్చునేవారు. అవతలి నుంచి ఫోను వచ్చేలోపు తమ సంగతులన్నీ చెప్పుకునేవారు. పోలియోతో చచ్చుబడ్డ కాలు స్టూలు మీదికి చాపుకుని వనజ అందరివీ వినేది. ఇప్పుడా బెంచీ మీద బస్సు కోసం ఆగినవాళ్ళు కూర్చుని, తమ సెల్లుల్లో తాము మాట్లాడుకుంటున్నారు. తల్లి పోయిన దగ్గర్నుంచి ఇంట్లోనూ పలకరించే మనిషి లేదు. తమ్ముడు నాగేశ్ రాజోలిలో అత్తగారి పొలం చేసుకుంటూ ఎప్పుడో గానీ రాడు.

హైదరాబాదులో ఒక సెల్‌ఫోన్ కంపెనీ కాల్ సెంటర్‌కు తెలుగులో మాట్లాడేవాళ్ళు కావాలని వనజ పేపర్లో చూసింది. ఇంటర్ చదివితే చాలట. తన గురించి చెప్పుకుంటూ ఇంగ్లీషులో ఒక ఉత్తరం మాత్రం పంపాలి. పక్క సందులో అర్షద్ నడిపే ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళింది.

"దాన్ని కవర్ లెటర్ అంటరక్కా. నా దగ్గర రెడీగ ఉంది. పేరు మారిస్తె అయిపాయె," అంటూ అర్షద్ దాన్ని తెర మీదికి తెచ్చాడు.

వనజ కూడబలుక్కుని చదివింది. ఉత్సాహవంతురాలినట. పదిమందితో కలిసి పనిచేయడం అలవాటట.

"గిది నేను కాదు అర్షద్. ఇన్నేండ్ల సంది ఒక్కదాన్నే కూసున్న. పదిమంది యాడున్నరు?"

"అందరు గిట్లనే రాస్తరక్కా."

"నాది నేను చెప్త. నువ్వు ఇంగ్లీషుల కొట్టు."

చాలా ఏళ్ళుగా బూత్ నడుపుతున్నానని చెప్పింది. చెవులు వినపడని ముసలివాళ్ళ తరఫున తానే మాట్లాడేదాన్నని, అవతలి మనిషి ఎంత కోప్పడినా ఫోను పెట్టేయనని చెప్పింది. అర్షద్ టకటకా కొడుతూ పోయాడు.

"ఈ నౌకరి ఎందుకు కావాల్నో గూడ రాయాలె."

"రోజంత ఎవరో ఒకరు నాతోని మాట్లాడుతరని," అంది.

అర్షద్ అదీ కొట్టాడు. ఆ వాక్యాన్ని చూస్తూ చేతులు ఆపేశాడు. "ఏమనుకోకక్కా. గిది జర జాలిగున్నది. తీసేద్దమా?"

మెత్తగా అడిగాడు. కాదనలేకపోయింది. తెర మీది గీత వెనక్కి నడుస్తూ ఒక్కో అక్షరాన్నీ మింగేసింది. అంతా చెరిగిపోయేదాకా వనజ చూస్తూనే ఉంది.

ఫోను నంబరు దగ్గర బూత్ నంబరే ఇచ్చింది. ఇక బూత్ వదిలి కదల్లేదు. అన్నం కూడా డబ్బాలో తెచ్చుకుని ఫోను పక్కనే తినేది. కొన్ని వారాలకు ఒక పొద్దున అది మోగింది.

"నమస్కారమండీ. వనజ గారితో మాట్లాడవచ్చా?" ఆడపిల్ల గొంతు, అద్దంలా నున్నగా ఉంది. సోమవారం ఇంటర్వ్యూకు రమ్మంది. ఏ కాగితాలు తేవాలో చెప్పి, "ఇంకేమైనా సందేహాలున్నాయా అండీ?" అంది.

సందేహాలేమీ లేవు. అయినా వనజకు ఫోను పెట్టేయబుద్ధి కాలేదు. "నీ పేరేంది చెల్లె? ఏ ఊరు?"

"మానస. మాది పెద్దమందడి అక్కా." గొంతే మారిపోయింది. "గిట్ల ఎవ్వరడగరు."

"మంచిగుంటదా ఆడ? అందరు మాట్లాడుకుంటరా?"

"యాడిదక్కా! ఒక ఫోన్ పెడితె ఇంకోటి. నా పక్క సీట్ల పిల్ల పేరు గూడ నాకు తెల్వదు." వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టున్నారు. గొంతు మళ్ళీ నున్నబడింది. "ధన్యవాదాలండీ. మీకు శుభదినం." ఫోను పెట్టేసింది.

వనజ చాలాసేపు రిసీవరు చెవికి ఆనించుకునే ఉంది. పోకపోతే మాత్రం ఇక్కడేముంది అనుకుంది. సోమవారం తొలి బస్సెక్కింది.

ఉద్యోగం వచ్చింది. బ్యాలెన్సు పోయిందని, సిగ్నలు లేదని, సాయంత్రం దాటేదాకా జనం ఆమెతో మాట్లాడుతూనే ఉంటారు. మొదటి వారంలోనే గొంతు పట్టి మానసను పోల్చుకుంది. కానీ మానసది పొద్దుటి షిఫ్టు, తనది మధ్యాహ్నం షిఫ్టు. మానస లిఫ్టు దిగుతున్నప్పుడు వనజ ఎక్కుతుంది.

"తిన్నవా అక్కా?" అంటుంది మానస.

"తిన్న. నువ్వు తిన్నవా?" అని వనజ అడుగుతుంది. ఆ పిల్ల ఏదో చెప్పబోతుంది. లిఫ్టు తలుపులు మూసుకుంటాయి.