రబ్బరు లేని బోల్టులు

సాయంత్రానికి కామాక్షయ్య వస్తాడు. కొత్త ఇంటి సింహద్వారానికి తామరపూల తలుపు కావాలని, వడ్రంగి పెంచలకృష్ణకు టేకు చెక్క అప్పగించి వెళ్లిన పెద్దరైతు ఆయన. ఒక్క పూరేకైనా చెక్కి చూపించమన్నాడు. చూపించలేకపోతే ఆ తలుపు ఇంకొకరి చేతికి పోతుంది. పోతే పోనీ అనుకోవడానికి లేదు. పెంచలకృష్ణ కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. ఉలి పట్టుకుంటే గీత గీతలా రావడం లేదు. ఈ పని జారిపోతే ఆ సంగతి కోట ఊరంతా తెలుస్తుంది, ఆ తర్వాత తన కొట్టు గడప ఎవరూ తొక్కరు. భార్య దుర్గకే చెప్పని మనిషి ఊరికేం చెబుతాడు? పగలంతా ఆ చేతిని జేబులోనో చంక కిందో దాచుకుని తిరుగుతున్నాడు.

అందుకే ఈ మిషను. కంప్యూటర్లో వేసిన బొమ్మ ప్రకారం కదిలే బిట్టు, అంటే గిర్రున తిరిగే కోత మొన, తనంతట తానే చెక్కను చెక్కుకుంటూ పోతుంది. కొనడం తన తరం కాదు గనక, ఒకటి కట్టిపెట్టమని బావమరిది ప్రసాద్‌ను పట్టుకున్నాడు. ప్రసాద్ సముద్రం ఒడ్డున పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్. మిషనుంటే పని తొందరగా అవుతుందని చెప్పాడే గానీ పెంచలకృష్ణ అసలు కారణం అతనికీ చెప్పలేదు.

ప్రసాద్ ఫోన్లో వీడియోలు చూసి మోటార్లూ వైర్లూ బాగానే కలిపాడు. చదరపు ఇనుప గొట్టాలు కోసి ఫ్రేము కట్టాడు. వెల్డింగ్ వేడికి గొట్టం వంకర పోతుందని బోల్టులే అన్నాడు. ఇక ఆ బోల్టులు ఎంచిన తీరు చూడాలి! కూతురికి సంబంధం చూసే తండ్రి కూడా అన్ని వంకలు పెట్టడు. లారీ షెడ్డులో నల్ల బోల్టులు చూపిస్తే ఛీ అన్నాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలువే తెచ్చాడు. గొట్టాలు కలిసే ప్రతిచోటా రబ్బరు ముక్క పెట్టి బిగించాడు. పడవలో ఇంజను బిగించేది అలాగే మరి, రబ్బరు లేకపోతే అదురుకి చెక్క పగులుతుంది. చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి, రబ్బరు లేకుండా బోల్టు బిగించడం దానికి తెలియనే తెలియదు.

మధ్యాహ్నం మొదటి రేకు చెక్కించారు. అంచంతా అలలు అలలుగా వచ్చింది. రెండోదీ అంతే. చెయ్యి వణుకుతోందని మిషను కట్టుకుంటే అదీ వణకాలా! ఏ దేవుడికి ఏం తక్కువ చేశానని పెంచలకృష్ణ కుమిలిపోయాడు.

"యాడో అదురుతా ఉండాది బావా. చెయ్యేస్తే తెలిసిపోతాది," అన్నాడు ప్రసాద్. ఇంజను జబ్బును అతను అరచేత్తోనే కనిపెడతాడు. బిట్టును మోసే అడ్డదూలం మీద అరచెయ్యి ఆనించాడు. "ఆ కొస నువ్వు అదిమి పట్టుకో."

కంగారులో పెంచలకృష్ణ కుడిచెయ్యే వేశాడు.

ప్రసాద్ మిషను నడిపాడు, ఆపాడు. అరచెయ్యి మాత్రం తీయలేదు. మొహం చిట్లించాడు.

"మోటారు ఆపేసినా గదా. ఇంకా అదురుతా ఉండాదేంది?"

చెయ్యి తీస్తే దొరికిపోతాడు, తీయకపోయినా దొరికిపోతాడు. పెంచలకృష్ణ అలాగే నిలబడిపోయాడు. ప్రసాద్ చూపు దూలం వెంట జరిగి జరిగి ఆ చేతి దగ్గర ఆగింది.

"ఎన్నాళ్ల నించి బావా?"

"ఏడాది. మీ అక్కకు చెప్పొద్దురా, నీకు దణ్ణం పెడతా." ఆ మాటతోనే ఏడుపు వచ్చేసింది.

ప్రసాద్ వంగి గొట్టాల మధ్య రబ్బరు ముక్క తడిమి చూశాడు. "నీ చేతి ఒణుకే ఈ కొస దాకా వస్తా ఉండాదంటే, బిట్టు అదురు ఇంక యాడ ఆగుతాది? మెత్తటి రబ్బరు వల్లే ఫ్రేమంతా ఊగతా ఉండాది. పెట్టింది నేనే, తప్పు నాదే. పీకేద్దాం," అన్నాడు.

పీకడం అంత సులువుగా కాలేదు. కొన్ని స్టీలు నట్లు మరలోనే పట్టేసి అటూ ఇటూ కదల్లేదు. వాటిని రంపంతో కోసేశాడు. తను ఛీ అన్న నల్ల బోల్టుల కోసం మళ్లీ లారీ షెడ్డుకే పరుగెత్తాడు.

"రెండేళ్లకు తుప్పు పడతాయి బావా."

"పట్టనీరా. ముందు ఈ సాయంత్రం గడవనీ."

ఈసారి ఇనుము మీద ఇనుమే. పైనుంచి ప్రసాద్ బోల్టు పట్టుకుంటే, కింద నట్టు ఎక్కించాల్సింది పెంచలకృష్ణ. మర అందేది కాదు, నట్టు జారి పడేది. వెతికి తీసి మళ్లీ పెట్టేవాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ప్రసాద్ మాత్రం నేను చేస్తానని అనలేదు, బోల్టు పట్టుకుని ఓపిగ్గా ఉండిపోయాడు.

చివరికి అన్నీ బిగించి మిషను నడిపారు. రేకు అంచు నున్నగా వచ్చింది. ప్రసాద్ ఈల వేశాడు. పెంచలకృష్ణకు సంతోషించాలనే ఉంది, కానీ సంతోషం రాలేదు. ఇలాంటి రేకును ఒకప్పుడు కబుర్లు చెబుతూ చెక్కిన చెయ్యి తనది.

వీధిలో కామాక్షయ్య బండి ఆగింది.

"నువ్వే చెక్కినావని చెప్తా బావా. పని నిలబడతాది," అని గుసగుసలాడాడు ప్రసాద్.

ఆ అబద్ధం ఆడితే ఇంకో ఏడాది చెయ్యి దాచుకోవాలి. ఆ ఓపిక పెంచలకృష్ణకు లేదు.

"మిషను చెక్కిందని చెప్పు. నా చెయ్యి పోయిందని గూడా నువ్వే చెప్పురా. నాకు నోరు రాదు."